వెనుక క్యారియరుపై విద్యుత్ సైకిలు బ్యాటరీ: దాని మోత, దాని రక్షణ

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)

 

మన గ్రామములలో సైకిలు ప్రవేశించి అనేక దశాబ్దములైనది. నాటినుండి నేటివరకు దాని వెనుక చక్రముపైనున్న క్యారియరు మోయని బరువు లేదు. పాల క్యానులు, పచ్చిగడ్డి మోపులు, ధాన్యపు బస్తాలు, తపాలా సంచులు, బడికి పోవు పిల్లలు అన్నియు ఆ నాలుగు ఇనుపకమ్మీల మీదనే ప్రయాణము చేసినవి. ఇపుడు అదే స్థానమున ఒక క్రొత్త వస్తువు వచ్చి కూర్చున్నది. అది విద్యుత్ సైకిలు బ్యాటరీ.

ఇంత చిన్న వస్తువును గురించి పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రసంగించుట ఏల యని తమకు తోచవచ్చును. రోడ్లు, మంచినీరు, పాఠశాల, పారిశుద్ధ్యము, ఇవి గదా పంచాయతీ చూడవలసిన విషయములు! మాకును మొదట అట్లే తోచినది. ఒక గ్రామమున మేము చూచిన సంగతి మా అభిప్రాయమును మార్చినది. దానిని ముందుగా మనవి చేసెదము.

ఆ గ్రామమునకు పాల సేకరణ కేంద్రము ఆరు కిలోమీటర్ల దూరమున నున్నది. పాలు చేరవేయు ఒక నడివయస్కుడు తన పాత సైకిలునకు పట్టణములోని దుకాణమున మోటారు అమర్పించుకొనెను. మోకాళ్ల నొప్పులచే త్రొక్కలేక పని మానుకొనదలచిన మనిషి, ఆ మోటారు పుణ్యమా యని తిరిగి ఉదయ సాయంకాలములు పాలు చేరవేయుచున్నాడు. చూచి మేము సంతోషించితిమి. కాని సైకిలు వెనుకకు పోయి చూచినపుడు మా సంతోషము నిలువలేదు. బ్యాటరీని గోనెపట్టలో చుట్టి, కొబ్బరితాడుతో క్యారియరునకు కట్టియుండిరి. దానికి ఇరువైపుల పాల క్యానులు వ్రేలాడుచున్నవి. “గట్టిగానే కట్టానండీ, ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా జారిపడలేదు” అని ఆయన మాకు ధైర్యము చెప్పెను.

తాడు విప్పించి చూచితిమి. క్యారియరు అంచునకు రాసుకొని రాసుకొని రెండు తీగల పైతొడుగులును అరిగిపోయి, లోపలి రాగి మెరయుచున్నది. ఆ రెండు రాగులును ఒకే ఇనుపకమ్మీకి ఒక్క క్షణము తగిలిన చాలును, నిప్పు పుట్టును. రాత్రివేళ ఛార్జి ఎక్కడ పెట్టెదరని అడిగితిమి. “ఇంట్లోనేనండీ, పిల్లలు పడుకునే మంచం కింద. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం” అని చెప్పెను. ఆ ఇల్లు తాటాకు పాక. ప్రక్కనే మరి నాలుగు పాకలున్నవి.

మా వెంట వచ్చిన ఒక పంచాయతీ సభ్యుడు అపుడొక ప్రశ్న వేసెను: “ఇది ఆయన సొంత సైకిలు గదండీ! పంచాయతీకి ఇందులో పనేముంది?” ఆ ప్రశ్న న్యాయమైనదే. నేటి మా ప్రసంగమంతయు దానికి సమాధానము.

చట్టము ఎంతవరకు చూచును?

కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము, మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, త్రొక్కుటకు తోడుగా మాత్రమే పనిచేయుచు, గంటకు 25 కిలోమీటర్ల వేగము రాగానే తోడు మానుకొను సైకిలు, నిర్ణీత పరీక్షా సంస్థ ధ్రువీకరించినచో, మోటారు వాహనముగా పరిగణింపబడదు. దానికి రిజిస్ట్రేషను అక్కరలేదు. నడుపువారికి లైసెన్సు అక్కరలేదు. పేదలకు, విద్యార్థులకు, స్త్రీలకు ఇది గొప్ప సౌకర్యము. మోటారు అమర్పించుకొనువారు ఆ ధ్రువపత్రమును గూర్చి దుకాణదారును ముందుగనే అడిగి తెలిసికొనవలెను.

అయితే ఈ సౌకర్యమునకు రెండవ వైపు కూడ నున్నది. రిజిస్ట్రేషను లేని వాహనమును రవాణా శాఖవారు పిలిచి చూడరు. బ్యాటరీని ఎట్లు కట్టిరి, తీగ ఎక్కడ అరిగినది అని విచారించు అధికారి లేడు. కావున చూచు కన్ను గ్రామమునందే యుండవలెను. పంచాయతీకి ఇందులో పనేమి యను ప్రశ్నకు ఇది మా మొదటి సమాధానము.

పెట్టెలో ఏమున్నది?

రక్షింపవలసిన వస్తువేదో తెలిసినగాని రక్షణ తెలియదు. విద్యుత్ సైకిళ్లకు రెండు విధములగు బ్యాటరీలు వాడబడుచున్నవి. మొదటిది సీసపు బ్యాటరీ. ఇది ఇండ్లలో ఇన్వర్టరునకు వాడు బ్యాటరీకి చిన్న తమ్ముడు. 12 వోల్టులవి మూడింటిని వరుసగా కలిపిన 36 వోల్టులగును. 12 ఆంపియర్ అవర్లవి మూడును కలిసి సుమారు 12 కిలోల బరువు తూగును. రెండవది లిథియం అయాన్ బ్యాటరీ. 1991 లో మొదటిసారిగా బజారునకు వచ్చినది. మన చేతి ఫోనులలో నుండునదియు ఈ జాతిదే. దీనిని రూపొందించుటకు పునాదులు వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019 లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లని వ్రాసియున్న లిథియం బ్యాటరీని ఉదాహరణముగా తీసికొందము. రెండు సంఖ్యలను గుణించిన 360 వచ్చును. అనగా దానియందు 360 వాట్ అవర్ల శక్తి నిలువయుండును. త్రొక్కుచు పోవువానికి కిలోమీటరునకు 10 మొదలు 15 వాట్ అవర్లు ఖర్చగు ననుకొన్నచో, 24 మొదలు 36 కిలోమీటర్లు పోవచ్చును. ఇంత శక్తి గల పెట్టె బరువు రెండున్నర, మూడు కిలోలు మాత్రమే. లోపల ఇంచుమించు బొటనవ్రేలంత లావైన గొట్టపు బిళ్లలు 40 వరకు నుండును. వీనిని సెల్లులందురు. సన్నని నికెలు పట్టీలతో వీనిని ఒకదాని కొకటి అతికియుందురు. వీనితోపాటు ఒక చిన్న కాపలా పలక కూడ నుండును. ఏ సెల్లునకైనను ఛార్జి మితిమీరినను, మరీ తగ్గినను, ప్రవాహము హద్దు దాటినను అది దారిని మూసివేయును.

అయితే కాపలా పలక చేయలేని పనులు కొన్ని గలవు. బయట తీగ అరుగుటను అది ఆపలేదు. గుంతల రోడ్డుపై పడు దెబ్బలను ఆపలేదు. లోపలికి నీరు వచ్చినచో అదియే ముందుగా పాడగును. ఆ పనులన్నియు మోసికొనిపోవు మనిషివే.

క్యారియరు బలము

వెనుక క్యారియరునకు స్ప్రింగులు లేవు. కూర్చున్నవానికి సీటు క్రింద స్ప్రింగులున్నవి. వెనుక కట్టిన బ్యాటరీకి మాత్రము గుంతలో చక్రమునకు తగిలిన ప్రతి దెబ్బయు నేరుగా తగులును. రోజుకు పండ్రెండు కిలోమీటర్ల మట్టిదారి, నెలకు ఇరువదియైదు దినములు. ఎన్నివేల దెబ్బలో ఊహించుడు! ఆ దెబ్బలకు సెల్లులను కలుపు నికెలు పట్టీల అతుకులు వదులగును, మరలు వీడును, తీగలు అరుగును.

కావున మొదట క్యారియరును చూడవలెను. అనేక క్యారియర్లపై అవి మోయదగిన బరువు ముద్రింపబడియుండును. 25 కిలోలని వ్రాసియున్నచో ఆ లెక్కలో బ్యాటరీ కూడ చేరునని మరువరాదు. 20 లీటర్ల పాలు 20 కిలోలకు పైబడి తూగును. క్యాను బరువు వేరు. అట్టివి రెండు వ్రేలాడదీసి, నడుమ 12 కిలోల సీసపు బ్యాటరీని కట్టినచో ఆ క్యారియరు ఎంతకాలము నిలుచును? పాలవారు, బస్తాలు మోయువారు సామాన్యమైన క్యారియరును తీసివేసి, ఇరుసునకు ఇరువైపుల ఊతకమ్మీలు గల గట్టి క్యారియరును వేయించుకొనవలెను. కమ్మీల అతుకులు పగిలినవేమో, మరలు వీడినవేమో వారమున కొకసారి చేతితో కదల్చి చూడవలెను. వీడిన మర చప్పుడు చేసి చెప్పును, వినువాడుండవలెను.

బరువు వెనుకకు, ఎత్తుకు పోయినకొలది సైకిలు ఊగును. ఎక్కుడు దారిలో ముందు చక్రము తేలిపోవును. కావున బ్యాటరీని క్యారియరు ముందు భాగమున, సీటు గొట్టమునకు దగ్గరగా, పడుకొనబెట్టి కట్టుట మేలు. సీసపు బ్యాటరీ యైనచో బరువును ఇరువైపుల సమముగా పంచి క్రిందికి వ్రేలాడు గట్టి పెట్టెలలో నుంచుట ఇంకను మేలు. నిలిపినపుడు సైకిలును గోడకు చేరవేయక జంట స్టాండు వేయవలెను. ఒరిగి పడిన సైకిలు బరువంతయు బ్యాటరీ మూల మీదనే పడును.

కట్టు విధము

కొన్ని సైకిళ్లకు కర్మాగారముననే రెండంతస్తుల క్యారియరు అమర్చియుందురు. నడుమనున్న పట్టాలలోనికి బ్యాటరీని సొరుగువలె నెట్టి, తాళము వేయవలెను. తాళము టక్కుమను వరకు నెట్టవలెను, తరువాత చేతితో లాగి చూడవలెను. తాళపుచెవిని సైకిలునకే వదలరాదు. కాలక్రమమున పట్టాలు వదులైనచో లోపలి రాగి కాళ్లు అదురును, అదిరినచోట వేడి పుట్టును. అట్టిచో పైనుండి ఒక బెల్టు బిగించి, త్వరలో పట్టాలను మార్పించుకొనవలెను.

దుకాణములలో అమర్చిన బ్యాటరీలు ఎక్కువగా క్యారియరు పైననే కట్టబడుచున్నవి. వానికి కొన్ని నియమములు గలవు.

మొదట క్యారియరు మీద ఒక రబ్బరు పలకను గాని, నీరు పీల్చని గట్టి నురుగు పలకను గాని పరువవలెను. పరుపులలోని మెత్తని స్పాంజి పనికిరాదు. అది వాననీటిని పీల్చి దినములకొలది బ్యాటరీకి తడి తగిలించును. గోనెపట్టయు అంతే. పలకపై బ్యాటరీని ఉంచి, రెండు వెడల్పాటి బెల్టులతో రెండుచోట్ల బిగింపవలెను. ఒకటి తెగినను రెండవది పట్టుకొనియుండును. మన పల్లెలలో పాత ట్యూబు ముక్కలతో కట్టు అలవాటున్నది. ట్యూబు సాగును, ఎండకు పగులును, కావున దానిని రెండవ కట్టుగా వాడవచ్చునే గాని మొదటి కట్టుగా కాదు. కట్టిన పిదప బ్యాటరీని రెండు చేతులతో పట్టి కదల్పవలెను. సైకిలు కదలవలెనే గాని బ్యాటరీ కదలరాదు. ఇదియే పరీక్ష.

బెల్టుల చివరలు వ్రేలాడనీయరాదు. అవి చువ్వలలో చిక్కినచో చక్రము పట్టివేసి మనిషిని పడవేయును. చీర కుచ్చెళ్లకు, పంచె అంచులకు చిక్కినను అంతే.

బ్యాటరీ పెట్టెకు ఎన్నడును రంధ్రము వేయరాదు, మేకు గాని మర గాని దిగవేయరాదు. ఒక మర లోపలి సెల్లును గ్రుచ్చినచో అక్కడనే నిప్పు పుట్టవచ్చును. ఇనుపపట్టీని నేరుగా బ్యాటరీపై బిగించుటయు తప్పు, పెట్టె నొక్కుకొనిపోవును. దాని మూతపై బస్తా పెట్టరాదు, పిల్లలను కూర్చుండబెట్టరాదు. వెనుక నున్నది సామాను కాదు, ఇంధనపు పెట్టె. పెట్రోలు డబ్బాను ఎంత భద్రముగా తీసికొనిపోవుదుమో దానినట్లే చూడవలెను.

తీగలు, ఫ్యూజు

బ్యాటరీ నుండి మోటారునకు పోవు తీగలను గొట్టములో దూర్చి, సైకిలు చట్రమునకు రెండుమూడు చోట్ల పట్టీలతో పట్టించవలెను. క్యారియరు అంచు తగులు చోట పాత ట్యూబు ముక్కను చుట్టవలెను. ట్యూబు ముక్కకు నిజమైన ఉపయోగ మిదియే. పాలు పోయు ఆ పెద్దమనిషి సైకిలునకు లేకపోయినది ఈ చిన్న ముక్కయే. తీగ బ్యాటరీలోనికి పోవుచోట క్రిందికి ఒక వంపు నిచ్చి పైకి తీసికొనిపోవలెను. అపుడు వాననీరు తీగ వెంబడి ప్రాకి లోపలికి పోక, వంపు వద్దనే బొట్లుగా రాలిపోవును.

ఎఱ్ఱతీగ బయటికి వచ్చిన వెంటనే, బ్యాటరీకి దగ్గరగా ఒక ఫ్యూజు ఉండవలెను. 36 వోల్టుల మీద 250 వాట్ల మోటారునకు నడిచినంతసేపు సుమారు 7 ఆంపియర్లు పట్టును. బయలుదేరునపుడు, ఎక్కుడులోను ఇంకను ఎక్కువ పట్టును. తయారుచేసినవారు చెప్పిన కొలత ఫ్యూజునే వేయవలెను. ఫ్యూజు కాలినదని రాగిపోగు చుట్టు దురలవాటు మన ఊళ్లలో గలదు. ఇంటి ఫ్యూజునకే అది తప్పు, బ్యాటరీకి అది ప్రాణాపాయము. ఫ్యూజు కాలినదనగా ఎక్కడనో తీగ తగులుచున్నదని అది మనకు కబురు పంపినదన్న మాట. కబురు తెచ్చినవానిని నోరు నొక్కి పంపుట తెలివి కాదు.

ప్రయాణము ముగిసిన పిదప ప్లగ్గును చేతితో తాకి చూడవలెను. అది వేడిగానున్నచో లోపలి పట్టు వదులైనదని గ్రహించి మార్పించుకొనవలెను.

వాన, దుమ్ము, ఎండ

బ్యాటరీలపై ఐపీ అను అక్షరముల ప్రక్కన రెండంకెలు వ్రాసియుందురు. మొదటి అంకె దుమ్మును గూర్చినది, రెండవది నీటిని గూర్చినది. ఐపీ 65 అనిన దుమ్ము చొరదు, గొట్టమునుండి చిమ్ము నీటికి తట్టుకొనును. ఐపీ 67 అనిన ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను లోపలికి నీరు పోదు. ఇవి క్రొత్త పెట్టెకు చెప్పిన మాటలు. మూత విప్పి బాగుచేయించిన పెట్టెకు, పగిలిన పెట్టెకు ఆ హామీ చెల్లదు.

కావున వానకాలమున బ్యాటరీపై రెగ్జిను గాని, టార్పాలిను గాని తొడుగవలెను. క్రిందివైపు తెరచియుంచవలెను, గాలియాడును, చేరిన తడి ఆరును. వాగు పొంగి నడుముదాక నీరున్నచో దాటక ఆగవలెను గాని బ్యాటరీని సైకిలుతో సహా ముంచరాదు. సైకిలు కడుగునపుడు బ్యాటరీని తీసి ప్రక్కన బెట్టి, పైపు నీరు చిమ్మక తడిగుడ్డతో తుడువవలెను. నీట మునిగిన బ్యాటరీ ఆరిన పిదప పనిచేసినను దానిని నమ్మరాదు. లోపలి తుప్పు కొన్నాళ్లకు గాని బయటపడదు.

మన ప్రాంతమున వానకంటె ఎండయే దీనికి పెద్ద శత్రువు. రామగుండము, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో వేడి 45 డిగ్రీలు దాటుట మనమెరుగుదుము. అది నీడలోని లెక్క. ఎండలో నిలిపిన నల్లని పెట్టె అంతకంటె ఎక్కువ కాగును. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జి చేయరాదని సామాన్యముగా తయారీదారులు చెప్పుదురు. వాడుకకును 60 డిగ్రీలు హద్దు. కావున పొలము గట్టున సైకిలు నిలిపినపుడు చెట్టు నీడ వెదకవలెను. నీడ లేనిచో తెల్లని గుడ్డ కప్పవలెను. ఇల్లు చేరిన వెంటనే ఛార్జి పెట్టక, చేతికి చల్లగా తగులు వరకు ఆగవలెను. చాలదినములు వాడని యెడల, నిండుగా గాక, పూర్తిగా ఖాళీగా గాక, సగము ఛార్జితో చల్లని పొడిచోట నుంచవలెను.

ఛార్జి పెట్టుట

దారిలో ఎంత భద్రముగా తెచ్చినను, ఇంటివద్ద అజాగ్రత్తగా నుండినచో ఫలము లేదు. 2022 ఏప్రిలులో నిజామాబాదులోను, విజయవాడలోను ఇంటిలో ఛార్జికి పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు పేలి మనుష్యులు మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక భవనము క్రిందిభాగమున నున్న విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన అగ్ని, పొగయై పైయంతస్తుల వసతిగృహమునకు ప్రాకి, 8 మంది ప్రాణములు గొన్నది. అవి స్కూటరు బ్యాటరీలు, సైకిలు బ్యాటరీ వానికంటె చిన్నది. కాని లోపలి పదార్థము ఒక జాతిదే. తాటాకు పాకకు పెద్ద నిప్పు అక్కరలేదు.

ఛార్జరు విషయమున ఒక్క సంగతి అందరును గుర్తుంచుకొనవలెను. పది సెల్లుల వరుసగల 36 వోల్టుల లిథియం బ్యాటరీకి నిండు ఛార్జి 42 వోల్టులు. 36 వోల్టుల సీసపు బ్యాటరీ ఛార్జరు 44 వోల్టుల వరకు పంపును. రెండింటి పైనను 36 అనియే వ్రాసియుండును, ప్లగ్గులును ఒకటే కావచ్చును. తేడా రెండు వోల్టులే. ఆ రెండు వోల్టులే లిథియం సెల్లును హద్దు దాటించును. కాపలా పలక బాగుగానున్నచో ఆపును, లేనిచో ఆపదు. కావున బ్యాటరీతో వచ్చిన ఛార్జరునే వాడవలెను, పొరుగువారి ఛార్జరు అరువు తెచ్చుకొనరాదు.

పడకగదిలో, మంచము క్రింద, బయటికి పోవు ద్వారమువద్ద ఛార్జి పెట్టరాదు. అందరును నిద్రించు వేళ పెట్టరాదు. సిమెంటు నేలపై, చుట్టును మూరెడు స్థలము వదలి, పైన గుడ్డ కప్పక, మనుష్యులు మెలకువగానున్నపుడే పెట్టవలెను. సీసపు బ్యాటరీ యైనచో ఛార్జి అగునపుడు మండు వాయువు వెలువడవచ్చును, కావున గాలియాడు చోటనే పెట్టి, దీపము, పొయ్యి దూరముగా నుంచవలెను.

ఆపద కలిగినపుడు

బ్యాటరీ ఉబ్బినను, వింతవాసన వేసినను, బుసకొట్టినను, ముట్టలేనంత వేడెక్కినను దానిని వాడుట మానవలెను. ఛార్జిలోనున్నచో మెయిను స్విచ్చి ఆపవలెను. పొగ మొదలైన పిదప దానిని చేతులతో ఎత్తుకొని బయటికి పరుగెత్తు సాహసము చేయరాదు. మనుష్యులను, పశువులను దూరము పంపి, 101 కి గాని 112 కి గాని ఫోను చేయవలెను. ఆ పొగ విషము, పీల్చరాదు. విద్యుత్తు ఆపిన పిదప, దూరమునుండి ధారాళముగా నీరు పోయుట మంచిది. నీరు సెల్లులను చల్లార్చును, ప్రక్కకు అంటుకొనకుండ కాపాడును. ఆరినట్లు కనబడిన బ్యాటరీ కొన్ని గంటల తరువాత మరల అంటుకొనవచ్చును, కావున దానిని ఆరుబయటనే వదలి కనిపెట్టియుండవలెను.

పాతబడిన బ్యాటరీ

ప్రతి బ్యాటరీకి ఒకనాడు కాలము తీరును. కాలము తీరినదానిని చెత్తకుప్పలో వేసినచో పారిశుద్ధ్య కార్మికుడు తన బండిలో దానిని మోయవలెను. చెత్తతోపాటు నలిగినచో అక్కడ నిప్పు పుట్టును. చెరువులో వేసినచో నీరు చెడును. సీసపు బ్యాటరీని ఇంటివద్ద పగులగొట్టి సీసము కరగించుట పిల్లల మెదడునకే ముప్పు.

ఇందుకై కేంద్ర ప్రభుత్వము 2022 లో బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములను చేసినది. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి, లోహములను వేరుచేయించు బాధ్యతను ఆ నియమములు తయారీదారులపై నుంచినవి. వాడుకదారు దానిని ఇతర చెత్తలో కలుపక వేరుగా అప్పగింపవలెను. కావున కొనునపుడే రసీదు తీసికొని భద్రపరచి, పాతది తిరిగి తీసికొందురా యని దుకాణదారును అడుగవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

ఇవన్నియు వాడుకదారు చేయవలసిన పనులు. ఇక తమరు చేయదగినవి విన్నవించెదము. వీనికి పెద్ద నిధులు అక్కరలేదు.

మొదటిది: ఊరిలో విద్యుత్ సైకిళ్లు ఎన్ని యున్నవో, ఎవరు ఎక్కడ ఛార్జి పెట్టుచున్నారో వార్డు సభ్యులు తెలిసికొని ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. అది తప్పులు పట్టుటకు గాక సహాయము చేయుటకని ముందుగనే చెప్పవలెను. భయపడినవాడు మంచము క్రిందనే దాచును.

రెండవది: ఊరిలోని సైకిలు మరమ్మతు పనివానిని పిలిచి, నేడు చెప్పుకొన్న రబ్బరు పలక, రెండు బెల్టులు, తీగ వంపు, ఫ్యూజు మొదలగునవి అతనికి నేర్పింపవలెను. ఊరివారందరు గాలి కొట్టించుకొనుటకు అతని వద్దకే పోవుదురు. అతని కన్ను నూరు కరపత్రములకంటె మేలు.

మూడవది: పంచాయతీ భవనము ప్రక్కన, ఆకుకప్పు గాక గట్టి కప్పు గల చోట, గోడకు రాతిపలకల అరలు కట్టించి, ఇనుప జాలి తలుపు, తాళము, విడి స్విచ్చి అమర్పించవలెను. అర అరకు నడుమ మీటరు దూరముండవలెను. దస్త్రములు, పుస్తకములు, ధాన్యము ఆ దరిదాపుల నుండరాదు. పగటివేళ, మనిషి కావలియుండగా ఛార్జి పెట్టింపవలెను. 360 వాట్ అవర్ల బ్యాటరీ ఒకమారు నిండుటకు అర యూనిటు కరెంటునకు మించి పట్టదు. ఆ ఖర్చును వాడుకదారులే సంతోషముతో చెల్లింతురు. దొంగల భయము లేనిచో ఎవరును బిడ్డ మంచము క్రింద బ్యాటరీని పెట్టరు. అవసరమగుచో దీనిని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చుటకు గ్రామసభలో ప్రతిపాదింపవచ్చును.

నాల్గవది: పాత బ్యాటరీలకు వేరొక చోటు చూపి, ప్లగ్గు కాళ్లకు టేపు అతికించి, పొడిచోట నుంచి, సేకరించువారికి అప్పగింపవలెను. పారిశుద్ధ్య కార్మికులకు బ్యాటరీని గుర్తించుట నేర్పవలెను.

“ఇది ఆయన సొంత సైకిలు గదా” అని అడిగిన సభ్యునకు ఆ దినము మేము చెప్పిన సమాధాన మిది: సైకిలు ఆయనది, నిజమే. కాని ఆ పాకకు ఆనుకొనియున్న నాలుగు పాకలును నలుగురివి. నిప్పునకు సరిహద్దు రాళ్లు తెలియవు. ఆ సభ్యుడు కొంతసేపు మాటాడలేదు. తరువాత తన ఇంటినుండి పాత ట్యూబును, కత్తెరను తెప్పించెను. మరమ్మతు పనివాడు వచ్చి తీగలు మార్చి, గొట్టములో దూర్చి, రబ్బరు పలక పరచి, బ్యాటరీని రెండు బెల్టులతో బిగించెను. ఒక గంట పని. కొన్ని నెలల పిదప మేము తిరిగి ఆ ఊరికి పోయినపుడు పంచాయతీ వసారాలో రాతిపలకల అరలు రెండు కనబడినవి. ఒకదానిలో ఆ పెద్దమనిషి బ్యాటరీ యున్నది. రెండవది ఎవరిదని అడిగితిమి. పదవ తరగతి చదువుచున్న ఒక బాలికదని, ఐదు కిలోమీటర్ల దూరమున నున్న పాఠశాలకు ఆమె దానిపైననే పోవుచున్నదని చెప్పిరి.

విద్యుత్ సైకిలు మన గ్రామములకు మేలు చేయగల వాహనము. మోకాళ్ల నొప్పి గల పాలవానికి పని నిలిపినది, ఆడపిల్లకు బడి దగ్గర చేసినది. ఒక్క ప్రమాదము జరిగినచో ఊరంతయు భయపడి ఆ మేలును వదలుకొనును. అట్లు కాకుండ చూచుట తమ చేతిలో నున్నది. తమ గ్రామములకు తిరిగి పోయిన వెంటనే, మొదట కనబడిన విద్యుత్ సైకిలును నిలిపి, యజమాని అనుమతితో వెనుకనున్న బ్యాటరీని రెండు చేతులతో పట్టి కదల్చి చూడుడు. అది కదలినచో అక్కడనే తమ పని ప్రారంభమగును.